మూడు మిల్లీమీటర్ల ఇత్తడి

.38 స్పెషల్ తూటానీ .357 మాగ్నం తూటానీ బల్ల మీద పక్కపక్కన నిలబెడితే తేడా పట్టుకోవడానికి కాస్త వంగి చూడాలి. లావు ఒకటే, అడుగున అంచు ఒకటే. పేర్లలో అంకెలు వేరైనా రెంటిలోనూ ముందున్న సీసపు గుండు మందం ఒకటే. తేడా అంతా ఇత్తడి గొట్టం పొడవులో ఉంది. మొదటిదాని గొట్టం 29 మిల్లీమీటర్ల పైచిలుకు, రెండోదానిది 33కు ఒక పిసరు తక్కువ.

శక్తి ఎక్కువ కాబట్టి మందు ఎక్కువ పట్టాలి, మందు కోసం గొట్టం పొడుగు చేశారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అది కాదు. .38 స్పెషల్ పుట్టింది 1898–99 ప్రాంతంలో, నల్లమందు రోజులింకా పూర్తిగా పోని కాలంలో. నల్లమందుకు చోటు చాలా కావాలి. తర్వాత వచ్చిన పొగలేని మందుకు అందులో సగం చోటు కూడా అక్కర్లేదు. అంటే 1935లో మాగ్నం తయారయ్యే నాటికి పాత గొట్టంలోనే బోలెడంత ఖాళీ ఉంది. మరి ఆ మూడు మిల్లీమీటర్లు ఎందుకు? కొత్త తూటా పాత రివాల్వర్‌లో దూరకూడదు, అందుకు. దూరితే పేలేది తూటా ఒక్కటే కాదు, రివాల్వర్ కూడా. ఇత్తడితో చేసిన తాళం అన్నమాట అది. తాళం కంపెనీలు వేశాయి సరే, అది వేయక తప్పని పరిస్థితి తెచ్చింది మాత్రం ఇంట్లో కూర్చుని సొంతంగా తూటాలు నింపుకునే మనుషులు.

ఆ మనుషులు ఎక్కువగా అమెరికాలోనే ఎందుకు పుట్టుకొచ్చారన్నదానికి ఒక చిన్న యంత్ర రహస్యం ఉంది. కాల్చేసిన తూటాలో పోయేవి మూడే: గుండు, మందు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్. అన్నిటికంటే ఖరీదైన ఇత్తడి గొట్టం మిగులుతుంది. పాత ప్రైమర్‌ని ఊడదీయగలిగితే ఆ గొట్టాన్ని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. 1860లలో ప్రైమర్‌కు రెండు పద్ధతులు వచ్చాయి. ఒకటి ఇంగ్లండులో వూలిచ్ ఆయుధశాలకు చెందిన ఎడ్వర్డ్ బాక్సర్‌ది. ఇంకొకటి అమెరికా అంతర్యుద్ధంలో గురికాళ్ల దళాన్ని నడిపిన హైరం బెర్డాన్‌ది. విచిత్రం ఏమిటంటే అమెరికావాడి పద్ధతి యూరప్‌కు నచ్చింది, ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది. బాక్సర్ పద్ధతిలో గొట్టం అడుగున నడిమధ్య ఒకటే కన్నం ఉంటుంది, లోపలినుంచి ఒక సన్నని పుల్లతో పొడిస్తే ప్రైమర్ ఊడి వస్తుంది. బెర్డాన్ పద్ధతిలో మధ్యన కన్నం ఉండదు, పక్కలకు రెండు చిన్నవి ఉంటాయి, ఊడదీయడం పెద్ద తంటా. అమెరికా పల్లెల్లో వంటింటి బల్ల మీద తూటాలు నింపుకునే అలవాటుకు ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

1870లలో పశ్చిమ మైదానాల్లో అడవిదున్నల్ని వేటాడినవాళ్లు సీసం కరిగించి గుండ్లు పోసుకుని, రాత్రిళ్లు మంట దగ్గర తూటాలు నింపుకునేవాళ్లు. 1884లో జాన్ బార్లో అనే ఆయన కనెక్టికట్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి ఆ పనిముట్లను చేతిలో పట్టేంత చేసి అమ్మాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ ప్రభుత్వం వదిలించుకున్న మందును టోకున కొని చిల్లరగా అమ్మితే, కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ ఆర్‌సీబీఎస్ పేరుతో తూటాలు నింపే పనిముట్లు చేసి దేశమంతా అమ్మాడు.

వీళ్లందరిలో పేరు మోసినవాడు ఎల్మర్ కీత్. 1899లో మిస్సోరీలో పుట్టాడు. చిన్నప్పుడు మోంటానాలో ఒక హోటల్ తగలబడితే ఒళ్లు కాలి, ఎడమ చెయ్యి వంకరపోయింది. పెద్దయ్యాక ఇడాహోలో పశువుల మంద కాసుకుంటూ, వేటగాళ్లకు దారి చూపిస్తూ, మిగతా టైములో పత్రికలకు రాసేవాడు. పొట్టి మనిషి, పెద్ద టోపీ, నోట్లో చుట్ట. 1925 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, సంబరంగా తన .45 కోల్ట్ రివాల్వర్ పేల్చాడు. అందులో ఉన్నది అతను సొంతంగా నింపిన తూటా. గుండు ఉండాల్సినదానికంటే బరువు, మందు గట్టిగా దట్టించి ఉంది. సిలిండర్ పైభాగం, దాని మీదుండే ఇనప పట్టీ ఎగిరిపోయాయి.

ఇంకొకడైతే తూటాలు నింపడం మానేసేవాడేమో. కీత్ మాత్రం ముక్కల్ని చేతిలో పట్టుకుని గోడ మందాలు చూశాడు. .45 తూటా లావు కాబట్టి సిలిండర్‌లో గదికీ గదికీ మధ్య ఇనుము పలచబడుతోంది. అదే సైజు రివాల్వర్‌లో కొంచెం సన్నని .44 స్పెషల్ పెడితే గోడలు మందంగా మిగులుతాయి, కాబట్టి బలమైన తూటాను తట్టుకోగలవు. ఆ లెక్కతో దాదాపు ముప్ఫై ఏళ్ల పాటు .44 స్పెషల్ గొట్టంలోనే ఫ్యాక్టరీ తూటాకంటే చాలా బలమైనవి నింపుతూ, వాటి గురించి రాస్తూ, కంపెనీలు కూడా అలాంటిది చేసి అమ్మాలని పట్టుబట్టాడు.

కంపెనీలు జంకడానికి మంచి కారణమే ఉంది. కీత్‌కు తన రివాల్వర్ ఏదో, తన తూటాలో ఏముందో తెలుసు. అదే తూటాను డబ్బాలో పెట్టి దుకాణంలో అమ్మితే, తాతల నాటి రివాల్వర్ ఉన్న ఎవడో ఒకడు కొని పెట్టుకుంటాడు. పొడవు ఒకటే కదా, సుబ్బరంగా దూరుతుంది.

ఈ భయం గాలిలోంచి వచ్చింది కాదు, .38 విషయంలో అప్పటికే కంపెనీలకు అనుభవమైంది. 1920లలో అమెరికా దొంగలు కార్లెక్కారు. పోలీసుల .38 తూటా కారు రేకును సరిగా చీల్చలేకపోతోంది. 1930లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .44 కోసం చేసే పెద్ద చట్రంలో .38 రివాల్వర్ ఒకటి చేసింది, దానికోసం .38-44 అనే బలమైన తూటా వచ్చింది. దాని పొడవు మామూలు .38 స్పెషల్ అంతే. పెద్ద రివాల్వర్‌కు మాత్రమే వాడండని చెప్పడమే తప్ప, జేబు రివాల్వర్‌లో పెట్టకుండా ఆపేది ఏదీ లేదు. ఫిలిప్ షార్ప్ అనే రచయిత ఇంకా బలమైన తూటాలు నింపి ప్రయోగాలు చేస్తుంటే, కంపెనీ స్థాపకుడి మనవడు డగ్లస్ వెసన్ దాన్ని సరుకుగా మార్చే పని పట్టాడు. వించెస్టర్ వాళ్లు తూటా చేశారు. ఈసారి గొట్టం పొడుగు చేశారు. 1935లో వచ్చిన ఆ .357 మాగ్నం రివాల్వర్లలో మొదటిది ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గార్ హూవర్‌కు బహుమతిగా వెళ్లింది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. కీత్ .38 కోసం అంతకుముందే ఒక గుండు రూపం గీసిచ్చాడు, ఐడియల్ అచ్చుల్లో దాని నంబరు 358429. ముందుభాగం పొడుగ్గా, మొన చదునుగా ఉండే గుండు అది. దాన్ని కొత్త మాగ్నం గొట్టంలో బిగిస్తే మొత్తం పొడవు పెరిగిపోయి, స్మిత్ అండ్ వెసన్ సిలిండర్ ముందునుంచి ముక్కు బయటికి పొడుచుకొచ్చేది, సిలిండర్ తిరిగేది కాదు. ఎవరి తిప్పలవల్ల ఆ మాగ్నం పుట్టిందో వాళ్లలో ఒకడి గుండే దానిలో పట్టలేదు. కీత్ చేసిందేమిటంటే, కొత్త రివాల్వర్లో పాత పొట్టి .38 గొట్టాలనే వాడుకున్నాడు. పొట్టిది పొడుగుదాంట్లో పడుతుంది, తాళం ఒక వైపే పనిచేస్తుంది.

.44 వంతు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. చివరికి రెమింగ్టన్ తూటా చేసింది, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ చేసింది. 1955 చివర్లో .44 మాగ్నం బయటికొచ్చింది. .44 స్పెషల్ గొట్టానికి అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే మళ్లీ మూడు మిల్లీమీటర్ల చిల్లర, కలిపారు. నిజానికి .44 స్పెషల్ కూడా మొదటినుంచీ ఉన్నది కాదు, 1907లో .44 రష్యన్‌ను సాగదీసి చేసినదే. .44 రష్యన్ ఏమో 1870లలో జారు చక్రవర్తి సైన్యం స్మిత్ అండ్ వెసన్ దగ్గర చేయించుకున్నది. తాత 25 మిల్లీమీటర్లు, కొడుకు 29 దాటాడు, మనవడు 32 దాటాడు. మనవడి తుపాకీలో ముగ్గురూ పడతారు.

రూగర్ కంపెనీకి ఈ రహస్యం ముందే తెలిసిపోయిందనీ, పాత ఇత్తడి సామాను దుకాణంలో దొరికిన కొన్ని ఖాళీ .44 గొట్టాలు ఉండాల్సినదానికంటే పొడుగ్గా ఉండటం ఎవరో గమనించి తెచ్చిచ్చారనీ ఒక కథ ఆ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమైనా, రూగర్ .44 మాగ్నం రివాల్వర్ 1956లోనే వచ్చిన మాట వాస్తవం. లోకానికి ఆ తూటా పేరు తెలిసింది మాత్రం 1971లో, 'డర్టీ హ్యారీ' సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29 చూశాక. ఇదే వరసలో యూటాలో డిక్ కసుల్ .45 కోల్ట్‌ను అంగుళంలో పదో వంతు పొడుగు చేసి .454 తయారుచేశాడు. సిలిండర్‌లో ఆరు గదులకు బదులు అయిదే తొలిచి గోడలు మందంగా ఉంచాడు. కీత్ పగిలిన రివాల్వర్‌లో చూసిన లెక్కకు అది ఇంకో జవాబు.

తాళం వేయడం మర్చిపోతే ఏమవుతుందో చూపిన ఉదాహరణ కూడా ఉంది, అదీ మాగ్నం కంటే ఆరేళ్ల ముందు. 1929లో కోల్ట్ కంపెనీ .38 సూపర్ అనే పిస్టల్ తూటా తెచ్చింది. అది 1900 నాటి తమ సొంత .38 ఆటోమేటిక్ తూటాకే మందు పెంచి పేరు మార్చినది. కొలతలన్నీ అవే. పాత కోల్ట్ పిస్టళ్లలో పైన వెనక్కీ ముందుకీ కదిలే స్లైడ్‌ను ఆపేది ముందువైపు అడ్డంగా దిగ్గొట్టిన ఒక చీలలాంటి ముక్క. అది విరిగితే స్లైడ్ సరాసరి కాల్చేవాడి మొహం మీదికే వస్తుంది. అలాంటి పిస్టల్‌లో కొత్త తూటా పెట్టకుండా ఆపేది ఏదీ లేదు, డబ్బా మీద అక్షరాలు తప్ప. 1974లో అమెరికా తయారీదారుల సంఘం ఆ డబ్బా మీద, ఒత్తిడి ఎక్కువని చెప్పే ప్లస్-పీ గుర్తు వేయించింది. నలభై అయిదేళ్లు పట్టిందన్నమాట.

ఆ .38 సూపర్‌కు ఇంకో జబ్బు కూడా ఉండేది, గురి కుదిరేది కాదు. పిస్టల్ తూటా బ్యారెల్ లోపల ఎక్కడో ఒక చోట ఆనుకుని నిలబడాలి. సూపర్ గొట్టం అడుగున చుట్టూ సన్నని అంచు ఒకటి ఉంది, కోల్ట్ బ్యారెల్ ఆ అంచు మీదే దాన్ని నిలబెట్టేది. ఆ ఆసరా అంతంతమాత్రం, తూటా ఒక్కోసారి ఒక్కోలా కూర్చునేది. కాలిఫోర్నియాలో బార్-స్టో బ్యారెళ్లు చేసే అర్వ్ స్టోన్ అంచును వదిలేసి, గొట్టం మూతి ఆనేలా లోపల మెట్టు చెక్కాడు. దాంతో యాభై ఏళ్లుగా చెడ్డపేరు మోస్తున్న తూటా గురి తప్పడం మానేసింది. 1976లో జెఫ్ కూపర్ అధ్యక్షుడిగా మొదలైన ఐపీఎస్‌సీ షూటింగ్ పోటీల్లో గుండు బరువునూ వేగాన్నీ గుణించి మార్కులిచ్చే పద్ధతి ఉంది. తేలికపాటి గుండును మహా వేగంగా పంపితే, పుట్టే వాయువు ఒత్తిడితో పిస్టల్ ఎగరకుండా అదుపు చేయొచ్చని 1980లలో రాబ్ లీథమ్, బ్రయన్ ఈనోస్ అనే షూటర్లు .38 సూపర్‌తో గెలిచి చూపించారు. అందరూ వాళ్ల వెంట పడ్డారు. గొట్టం అడుగుకు బ్యారెల్ ఆసరా లేని చోట అది చిట్లి, మసీ ఇత్తడి తునకలూ మొహాన కొడితే, ఆ మరకలకు 'సూపర్ ఫేస్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు కూడా. గొట్టాన్ని పూర్తిగా పట్టుకునే బ్యారెళ్లు ఆ తర్వాతే మామూలయ్యాయి.

ఇక తాళాన్ని బద్దలుకొట్టిన కథ. అది మొదలయ్యేది యుద్ధంలో.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం తన బరువైన .455 రివాల్వర్ వదిలేసి చిన్న .38 తూటాకు మారింది. అది అమెరికాలో .38 ఎస్ అండ్ డబ్ల్యూగా అమ్ముడుపోయే పాత తూటాయే. దాని గొట్టం 20 మిల్లీమీటర్లకు లోపే, కానీ .38 స్పెషల్ కంటే కొంచెం లావు. రెండో ప్రపంచ యుద్ధంలో స్మిత్ అండ్ వెసన్ బ్రిటన్ కోసం, దాని వలస దేశాల కోసం ఈ తూటా పట్టే రివాల్వర్లు అయిదు లక్షలకు పైగా చేసింది. నంబరు ముందు విజయానికి గుర్తుగా వి అక్షరం ఉండటంతో విక్టరీ మోడల్ అన్నారు. యుద్ధం అయిపోయింది, రివాల్వర్లు మిగిలిపోయాయి. 1950లు, 60లలో అవి కారుచౌకగా అమెరికాకు తిరిగొచ్చాయి. అమెరికా దుకాణాల్లో అందరూ అడిగేది .38 స్పెషల్. అందుకని వ్యాపారులు బ్యారెల్ కురచగా కోయించి, సిలిండర్ గదుల్ని లోపలికి తొలిపించి, పొడుగు తూటా పట్టేలా చేసి అమ్మారు.

పట్టడం వేరు, సరిపోవడం వేరు. గదిలో వెనక సగం పాత లావు తూటాకు చేసినది, ముందు సగం కొత్త సన్న తూటాకు తొలిచినది. పేల్చాక బయటికొచ్చే ఖాళీ గొట్టాన్ని చూస్తే పై సగం నిటారుగా, కింది సగం ఉబ్బి, మధ్యలో చిన్న మెట్టు కనబడేది. ఒక్కోటి చీలిపోయేది కూడా. సొంతంగా నింపుకునేవాళ్లకు అలాంటి ఇత్తడి చెత్తకిందే లెక్క. బ్యారెల్ అయితే మార్చలేదు, దాని బోరు స్పెషల్ గుండు కంటే కాస్త వెడల్పు.

ఆ కాస్త వెడల్పే తర్వాత ఒక దేశ చరిత్రలోకి ఎక్కింది. లాస్ ఏంజెలెస్ వ్యాపారి ఒకరు కెనడానుంచి తెప్పించిన విక్టరీ రివాల్వర్లలో ఒకటి ఇలాగే తొలిపించుకుని, బ్యారెల్ రెండుంపావు అంగుళాలకు కోయించుకుని, తపాలాలో సరుకు అమ్మే సీపోర్ట్ ట్రేడర్స్ జాబితాలో 29 డాలర్ల 95 సెంట్లకు వచ్చింది. ఎ.జె.హైడెల్ అనే పేరుతో ఒకతను కూపన్ నింపి పంపాడు. 1963 మార్చిలో పార్సెల్ డాలస్ చేరింది. తెప్పించుకున్నవాడి అసలు పేరు లీ హార్వీ ఆస్వాల్డ్. ఆ ఏడాది నవంబరు 22న అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన గంటలోపు, డాలస్ పోలీసు జె.డి.టిప్పిట్ ప్రాణం తీసింది ఈ రివాల్వరే.

ఏ గుండు ఏ తుపాకీనుంచి వచ్చిందో చెప్పడానికి నిపుణులు గుండు మీద పడే గీతల్ని చూస్తారు. బ్యారెల్ లోపలి మెలికలు గుండును ఒరుసుకుంటాయి, ఒకే బ్యారెల్‌నుంచి వచ్చిన గుండ్ల మీద ఒకేలాంటి గీతలు ఉంటాయి. ఇక్కడ గుండు బ్యారెల్‌కు బిగుతుగా లేదు, వదులుగా దొర్లుకుంటూ పోయింది. ఎఫ్‌బీఐ నిపుణుడు కోర్ట్‌లాండ్ కన్నింగ్‌హామ్ అదే రివాల్వర్‌తో పరీక్షకు కాల్చిన గుండ్లు కూడా ఒకదానితో ఒకటి కలవడం లేదని, కెన్నెడీ హత్యపై విచారణ జరిపిన వారెన్ కమిషన్ ముందు చెప్పాడు. టిప్పిట్ శరీరంలోంచి తీసిన నాలుగు గుండ్లనీ ఆయన ఆ రివాల్వర్‌కు ముడిపెట్టలేకపోయాడు. ఇలినాయ్ నిపుణుడు జోసెఫ్ నికోల్ ఒక్కదాన్ని మాత్రం పోల్చాడు. కేసు నిలబెట్టింది హత్య జరిగిన చోట దొరికిన ఖాళీ గొట్టాలు. వాటి అడుగున పడిన గుర్తులు ఆ రివాల్వర్‌వేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. కుట్ర సిద్ధాంతాలవాళ్లు అరవై ఏళ్లుగా ఆ నాలుగు గుండ్ల చుట్టూ తిరుగుతున్నారు. నిజం చెప్పాలంటే అక్కడ ఏ మాయా లేదు, చవకబారు సరుకుకు చేసిన చవకబారు మార్పు, అంతే. 1968లో వచ్చిన తుపాకుల చట్టం తపాలాలో కూపన్ పంపి రివాల్వర్ తెప్పించుకునే ఆ వ్యాపారాన్ని మూసేసింది.

పొడవు మీద ఇంజనీర్లకే కాదు, ప్రభుత్వాలకూ మమకారం ఉంది. సైన్యం వాడే 9 మిల్లీమీటర్ల తూటా ప్రజలు వాడకూడదని 2022 దాకా ఇటలీ చట్టం. ఆ తూటా గొట్టం పొడవు 19 మిల్లీమీటర్లు. దాంతో 21 మిల్లీమీటర్ల గొట్టం తయారుచేశారు. గుండును రెండు మిల్లీమీటర్లు లోపలికి దించేసరికి మొత్తం పొడవు పాతదే అయింది, పిస్టల్ మ్యాగజీన్‌లో పడుతుంది, చట్టానికి మాత్రం వేరే తూటా. బ్యారెల్ లోపల రెండు మిల్లీమీటర్లు తొలిస్తే సరి. సైనికుడి తూటాకూ పౌరుడి తూటాకూ పనిలో తేడా ఏమీ లేదని తెలిసీ ఇటలీ దశాబ్దాలు దాన్ని కాపాడుకుంటూ వచ్చింది.

మన దేశంలో నియమం అలాంటిదే, దారి వేరు. సైన్యం, పోలీసులు వాడే బోర్లు సామాన్యులకు నిషేధం. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం, మార్చడం, చివరికి తూటా తయారుచేయడం కూడా నేరమే. కాబట్టి వంటింటి బల్ల మీద తూటాలు నింపే కీత్‌లు ఇక్కడ పుట్టే అవకాశం లేదు. హైదరాబాదులోనో కడపలోనో రివాల్వర్ లైసెన్సు దొరికిన ఆసామికి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్ ఎక్కువగా దొరికేది .32 బోరులో. దాని తూటా కొలత 7.65 × 23 అని రాస్తారు. ఆ 23 గొట్టం పొడవే. 1878 నాటి .32 తూటా 15 మిల్లీమీటర్లుండేది. స్మిత్ అండ్ వెసన్ 1896లో దాన్ని సాగదీసి 'లాంగ్' అని పేరు పెట్టింది, మన దగ్గరున్నది అదే. అమెరికాలో ఆ వంశం అక్కడితో ఆగలేదు. 1984లో 27 మిల్లీమీటర్ల .32 మాగ్నం వచ్చింది, ఆ తర్వాత 30 దాటిన .327 ఫెడరల్ వచ్చింది. 2014లో కాన్పూరులో మహిళల కోసమంటూ టైటానియం మిశ్రమంతో చేసి, 'నిర్భీక్' అని పేరు పెట్టి, లక్షా ఇరవై రెండు వేల రూపాయల ధరతో విడుదల చేసిన రివాల్వర్‌లో పట్టేది కూడా 1896 నాటి ఆ 23 మిల్లీమీటర్ల తూటాయే.